ఫోస్టర్ కేర్ అప్పీలు: పాప తరఫున వకాలత్ మీద సంతకం ఎవరు పెట్టాలి?

తెలంగాణలో 13 ఏళ్ల పాపను సీడబ్ల్యూసీ (బాలల సంక్షేమ కమిటీ) ఒక ఫోస్టర్ కుటుంబం (దత్తత కాకుండా, పిల్లల్ని తాత్కాలికంగా పెంచే కుటుంబం) నుంచి మరో కుటుంబానికి మార్చింది. ఉత్తర్వులో కారణం ఒక్క వాక్యమే, పాప ఏమందో ఎక్కడా లేదు. జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 101 ప్రకారం అప్పీలుకు గడువు 30 రోజులు. ఫోస్టర్ కేర్ విషయం కాబట్టి వేయాల్సింది చిల్డ్రన్స్ కోర్టులో కాదు, కలెక్టర్ దగ్గర (తప్పు చోట వేస్తే ఆ గడువు కాస్తా అక్కడే కరిగిపోతుంది). జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, పిల్లలకు ఆదాయ పరిమితి లేదు.

చిక్కంతా వకాలత్ (లాయరుకు కేసు అప్పగించే పత్రం) దగ్గరే. తల్లిదండ్రుల ఆచూకీ లేదు. డీసీపీయూ (జిల్లా బాలల రక్షణ విభాగం) అధికారితో సంతకం పెట్టిద్దామంటే మార్పుకు సిఫారసు చేసిందే వాళ్లు. పాత ఫోస్టర్ తల్లి తన పేరుతోనే వేస్తే నిలుస్తుందా, లేక పాపకు నెక్స్ట్ ఫ్రెండ్‌గా (మైనర్ తరఫున కేసు నడిపే పెద్ద మనిషిగా) రావాలా? నెలవారీ తనిఖీ నివేదికల నకళ్లు ఎవరిని అడగాలి? కలెక్టరేట్‌లో ఇలాంటిది నడిపినవాళ్లు చెప్పండి.