పోస్టాఫీసు ఆర్‌డీలో రెండు వాయిదాలు వెనకబడ్డాయి: ఇప్పుడే కట్టాలా, గడువు పెంచుకోవాలా?

గుంటూరులో అమ్మ పేరు మీద అయిదేళ్ల ఆర్‌డీ, నెలకు 3,000. తెరిచింది 2021 ఆగస్టు 18న, వడ్డీ 5.8 శాతం. 16 తర్వాత తెరిచిన ఖాతా కాబట్టి నెల చివరి పనిదినం దాకా కట్టొచ్చు. ఏజెంటు మాత్రం 15 లోపే అంటూ కంగారు పెడుతుంది.

2026 మే నాటికి 58 వాయిదాలు పడాలి, పాస్‌బుక్‌లో 56 ఎంట్రీలే ఉన్నాయి. నాలుగు దాటలేదు కనుక ఖాతా ఆగిపోలేదు. తప్పిన వాయిదాకి వందకి రూపాయి చొప్పున 30 జరిమానా. పాత బాకీ తీరాకే ఈ నెలది జమ అవుతుంది.

నిబంధన ప్రకారం తప్పిన నెలలెన్నో అన్ని నెలలు గడువు పొడిగించుకోవచ్చు. కౌంటర్లో ఒకరు అర్జీ రాసివ్వమన్నారు, ఇంకొకరు అక్కర్లేదన్నారు.

అడిగేదేమంటే: పొడిగింపుకి అర్జీ ఆగస్టు 18కి ముందే ఇవ్వాలా? పొడిగించిన రెండు నెలలకూ 5.8 శాతమే వస్తుందా? గడువుకి ఒక్కరోజు ముందు మూసినా మొత్తానికి సేవింగ్స్ వడ్డీ 4 శాతమే ఇస్తారు, అందుకే తొందరపడటం లేదు. విజయవాడ, గుంటూరు వైపు ఈమధ్య ఇలా పొడిగించుకున్నవాళ్లుంటే చెప్పండి. ఏజెంటు కార్డులో రాసిన లెక్క కాదు, పాస్‌బుక్‌లో పడిన లెక్క కావాలి.