పంగిడి నల్లరాయిని క్షార బసాల్టు అనవచ్చా?

కొవ్వూరు విద్యార్థి:
పంగిడి క్వారీ నుంచి తెచ్చిన ముక్కను ల్యాబ్‌లో పరీక్ష చేయించాను. సిలికా బసాల్టుకు తగ్గట్టే ఉంది గానీ, సోడా, పొటాష్ అనే క్షారాలు కలిపి 5 శాతం గీత దాటాయి. సిలికా ఎంత, ఈ క్షారాలు ఎంత అని చూసి లావా రాళ్ళకు పేరు పెట్టే టాస్ పటంలో చుక్క ట్రాకీబసాల్టు (క్షారాలు ఎక్కువున్న బసాల్టు) గడిలో పడింది. ఆ పటాన్ని ప్రపంచమంతా వాడుతోంది కదండీ, క్షార శిల అని రాస్తే తప్పేమిటి?

రాజమండ్రి మాస్టారు:
తప్పే బాబూ. మన రాజమండ్రి ట్రాప్స్ (ఇక్కడి లావా పొరలు) తొలియైట్ బసాల్టులు, అంటే క్షారాలు తక్కువున్న రకం. సుమారు 6.6 కోట్ల ఏళ్ళనాటి దక్కన్ లావాకు బంధువులు. నిజమైన క్షార లావా కావాలంటే కచ్‌లో బసనైట్లు అనే లావా రాళ్ళు చూడు, వాటిలో సిలికా తక్కువ, నెఫెలిన్ అనే సోడా ఖనిజం ఉంటుంది. టాస్ పటం తాజా రాయికే పనికొస్తుంది. నీరు 2 శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.5 శాతం దాటిన రాయిని అందులో పెట్టకూడదు. నార్మ్ లెక్క (రసాయన అంకెల నుంచి ఏ ఖనిజాలు రావాలో కట్టే లెక్క) వేశావా? నెఫెలిన్ వస్తే క్షార బసాల్టు, హైపర్‌స్థీన్ అనే ఖనిజం వస్తే తొలియైట్.

కొవ్వూరు విద్యార్థి:
నార్మ్‌కీ అదే సోడా అంకె వాడాలి కదా మాస్టారూ! పైగా ఇనుము ఎంత ఆక్సీకరణ చెందిందో దాన్నిబట్టి కూడా ఫలితం మారుతుంది. తుప్పు పట్టిన రాయిలో నెఫెలిన్ దాగిపోవచ్చు. పటాన్ని నమ్మొద్దన్నప్పుడు నార్మ్‌ను ఎలా నమ్మాలి?

దేవరపల్లి క్రషర్:
నేను చదువుకున్నవాడిని కాదండి, రాయి కొట్టించేవాడిని. మీ ముక్క క్వారీలో ఏ బెంచీ (మెట్టు) లోది? పై బెంచీలో బుడగల రాయి ఉంటుంది, ఆ బుడగల్లో తెల్లటి పూత. మేం దాన్ని మెటల్‌లో (కంకరలో) కలపనివ్వం. అడుగు బెంచీలో రాయి నల్లగా, గట్టిగా ఉంటుంది.

రాజమండ్రి మాస్టారు:
అసలు సంగతి ఆయన చెప్పారు. ఆ తెల్లటిది జియోలైట్ (బుడగల్లో తర్వాత పెరిగే ఖనిజం) అయితే అందులో సోడా లావాతో వచ్చింది కాదు, తర్వాత నీళ్ళు మోసుకొచ్చింది. నార్మ్ గురించి నువ్వన్నదీ నిజమే, ఒప్పుకుంటున్నాను. అందుకే నీళ్ళకు అంతగా కదలని నియోబియం, యిట్రియం అనే మూలకాలు చూడాలి. నియోబియంను యిట్రియంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి సుమారు 0.67 దాటితేనే క్షార వైపు.

కొవ్వూరు విద్యార్థి:
నాది పై బెంచీ ముక్కే. ఈసారి అడుగు రాయికి థిన్ సెక్షన్ (సూక్ష్మదర్శినిలో చూసే పలుచటి ముక్క) కూడా కోయిస్తాను. సన్నటి పిండి భాగంలో ఆలివిన్, ఊదా ఛాయ ఆగైట్ ఖనిజాలు కనిపిస్తే మాత్రం నా మాట మీదే ఉంటాను మాస్టారూ. పిజియొనైట్ ఖనిజం కనిపిస్తే తొలియైట్ అనే రాస్తాను.