4294967297 ప్రధాన సంఖ్యేనా? 2తో పరీక్షిస్తే అవునంటోంది

సున్నాశేషం (ప్రశ్న):
2^32 + 1, అంటే 4294967297 మీద పైథాన్‌లో ఫెర్మా పరీక్ష (ప్రధాన సంఖ్య అవునో కాదో శేషంతో చూసేది) పెట్టాను. 2ను 4294967296 ఘాతానికి హెచ్చించి ఆ సంఖ్యతోనే భాగిస్తే శేషం 1 వస్తోంది. కానీ 641తో నిశ్శేషంగా భాగం పోతోంది! అదే ప్రోగ్రాం సీ భాషలో 64 బిట్ల అన్‌సైన్డ్‌తో (రుణ సంఖ్యలు లేని పూర్ణాంక రకంతో) రాస్తే శేషం 0. ఏది తప్పు? దాని వర్గమూలం దాదాపు 65536, ఆ లోపు 6542 ప్రధాన సంఖ్యలున్నాయి. అన్నిటితో భాగించకుండా చేతి లెక్కతో 641ని పట్టుకునే దారి ఉందా?

గుణిజం:
పైథాన్ శేషం సరైనదేనండీ. ప్రధాన సంఖ్య అయితే 1 రావాలి, 1 వచ్చినంత మాత్రాన ప్రధాన సంఖ్య అయిపోదు. ఇక్కడ 2^32కి శేషం −1, కనుక 2^64కి శేషం 1. మీరు ఎక్కించిన ఘాతం 64కి గుణిజం, కాబట్టి 1 రాక తప్పదు. ఏ ఫెర్మా సంఖ్యనైనా (2^(2^n) + 1 రూపంలోది, ఇక్కడ n = 5) 2తో పరీక్షించడం దండగే. 3తో చేయండి, 3029026160 వస్తుంది. 1 కాదు కాబట్టి సంయుక్త సంఖ్యే. కారణాంకం తెలియకుండానే తేలిపోయింది.

చేతిలెక్క:
641 సంగతి. 3, 5, 17, 257, 65537 తర్వాత ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా నమ్మాడు. ఆయిలర్ 1732లో 641 చూపించి దాన్ని కొట్టిపారేశాడు. మన 4294967297 ప్రధాన కారణాంకం ఏదైనా 64 గుణిజానికి 1 కలిపితే వచ్చేదే కావాలి. తర్వాత లూకాస్ అనే గణితవేత్త దాన్ని 128 గుణిజానికి బిగించాడు. ఇక మిగిలేవి 129, 257, 385, 513, 641... వీటిలో ప్రధాన సంఖ్యలు 257, 641 మాత్రమే. 257తో శేషం 2. తర్వాతిదే 641!

భాగించకుండా కూడా చూడొచ్చు. 641 = 5×2^7 + 1, అలాగే 5^4 + 2^4. మొదటి దాని ప్రకారం 5×2^7కి శేషం −1, నాలుగో ఘాతం తీస్తే 5^4×2^28కి 1. రెండో దాన్ని బట్టి 5^4 బదులు −2^4 పెట్టండి: −2^32కి శేషం 1. అంతే.

భాగఫలం 6700417. దాని వర్గమూలం 2588 చిల్లర, కనుక 641, 769, 1153, 1409 చూస్తే చాలు (257 ముందే పోయింది). శేషాలు వరుసగా 44, 120, 334, 622. అంటే అదీ ప్రధాన సంఖ్యే.

బిట్లబండి:
సీలో 0 ఎందుకంటే, వర్గం చేసుకుంటూ పోతే 65536 తర్వాత 2^32 వస్తుంది. అది మన సంఖ్య కన్నా ఒకటి తక్కువ, అలాగే ఉండిపోతుంది. దాని వర్గం 2^64, 64 బిట్లలో పట్టక 0 అయిపోతుంది. జవాబు "సంయుక్తం" అని సరిగ్గా వచ్చినా లెక్క తప్పు, దాన్ని నమ్మకండి. గుణకారం 128 బిట్లలో చేసి, శేషం తీశాక 64కి దించండి. 32 బిట్లలో అయితే ఈ సంఖ్యే 1గా మారిపోతుంది.

గుణిజం:
ఇంకో అందమైన దారి: 65536² + 1² = 62264² + 20449². రెండు వర్గాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగిన సంఖ్య సంయుక్తమే. తేడాలు 65536 − 62264 = 3272, 20449 − 1 = 20448. రెంటినీ 8తో కొట్టేస్తే 409, 2556. ఇప్పుడు 409² + 2556² కూడి చూడండి, 6700417 వస్తుంది.