విప్పిన ఫ్లాంజి బోల్టు మళ్లీ వాడవచ్చా?

ప్రశ్న (గుంటూరు): అనంతపురం జిల్లాలో గాలిమరల నిర్వహణ పని చేస్తాను, సెలవుకు ఇంటికి వచ్చాను. టవరు ముక్కలను కలిపే అంచు (ఫ్లాంజి)లో 36 మిల్లీమీటర్ల లావున్న, ఎక్కువ బలం గల (ఎం36, 10.9 గ్రేడు) బోల్టులు. నిరుడు రెంచి సరైన అంకె చూపిన బోల్టే ఈసారి చేత్తో తిరిగింది. వాషరు మీద గోరంత మెరిసే గీత. ఖర్చు తగ్గుతుందని దాన్నే మళ్లీ బిగించమంటున్నారు. బిగించవచ్చా?

జవాబు (విజయవాడ ఆటోనగర్): వద్దండీ. బోల్టులు అమ్ముకునేవాడిని, అమ్మకం కోసం చెప్పడం లేదు. రెంచి చూపేది తిప్పే బలం, బోల్టులోని బిగువు కాదు. ఆ బలంలో దాదాపు 90 శాతం థ్రెడ్ల మీద, నట్టు కింద రాపిడికే పోతుంది. గ్రీజు ఎండినా, ఇసుక చేరినా అంకె వస్తుంది, బిగువు రాదు. బోల్టు, నట్టు, వాషరు మూడూ కొత్తవే వేయండి. గోటితో పోయేదానికి గొడ్డలిదాకా ఎందుకు?

జవాబు: పక్క బోల్టులనూ చూడండి, దీని భారం వాటి మీదే పడి ఉంటుంది. హైడ్రాలిక్ టెన్షనర్ బోల్టును నేరుగా లాగి బిగిస్తుంది, రాపిడి గొడవ తక్కువ. అద్దెకు అడగండి.

ప్రశ్న అడిగినవారు: పక్కవి చూడనే లేదు! సోమవారం ఎక్కగానే చూస్తాను.