నాన్నగారి డిజేబిలిటీ పెన్షన్: అరియర్స్‌లో 30% అడుగుతున్న కన్సల్టెంటుకు ఫైలు ఇవ్వవచ్చా?

కిరణ్_పల్నాడు (ప్రశ్న)

నమస్కారమండీ. మా నాన్నగారు ఆర్మీలో 24 ఏళ్లు చేసి 2016 జూలైలో హవల్దారుగా రిటైరయ్యారు. సర్వీస్ పెన్షన్ వస్తోంది. రిలీజ్ మెడికల్ బోర్డులో బీపీకి 30%, ఎడమ మోకాలి గాయానికి 20%, రెండూ కలిపి 40%, జీవితకాలానికి అని రాశారు. అయితే రెండింటికీ ఎదురుగా ‘నానా’ అని వేశారు, అంటే సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరలేదు అని. దాంతో డిజేబిలిటీ ఎలిమెంట్ (వైకల్యానికి పెన్షన్‌తో పాటు ఇచ్చే భాగం) రాలేదు. తిరస్కరణ లేఖలో ఆరు నెలల్లో అప్పీలు చేసుకోవచ్చని ఉంది. చెయ్యలేదు.

బీపీ బయటపడింది 2011లో, పీస్ స్టేషన్‌లో (సరిహద్దు, ఆపరేషన్లు లేని ప్రశాంత ప్రాంతంలో) ఉండగా. అంతకుముందు 2008 నుంచి 2010 వరకు జమ్మూకశ్మీర్‌లో ఫీల్డ్ పోస్టింగ్. మోకాలికి దెబ్బ తగిలింది 2005లో, పొద్దుటి పీటీ పరేడ్‌లో.

ఇప్పుడు ఒక కన్సల్టెంట్ ‘నాకు వదిలెయ్యండి’ అంటున్నాడు. అరియర్స్‌లో 30%, సంతకం పెట్టిన రెండు ఖాళీ చెక్కులు, స్టాంపు పేపరు మీద ఒప్పందం, స్పర్శ్ (రక్షణశాఖ పెన్షన్ పోర్టల్) లాగిన్ కావాలట. ఇన్నేళ్ల తర్వాత ఇది తేలుతుందా? తేలేదైతే ఎవరిని పట్టుకోవాలి?

తిరుమలగిరి_హెడ్‌క్లర్క్

కిరణ్ గారూ, ముందు చెక్కుల సంగతి. ఇవ్వకండి. ఆ మనిషికి పని వచ్చినా సరే, ఈ షరతుల మీద ఇవ్వకండి. చేతికి రాని పెన్షన్ సొమ్మును ఇంకొకరికి రాసిచ్చే ఒప్పందం 1871 పెన్షన్ల చట్టం 12వ సెక్షన్ కింద చెల్లదు. ఖాళీ చెక్కులు అందుకే అడుగుతారు. ఒప్పందం నిలవకపోయినా, ఇష్టమొచ్చిన అంకె రాసుకుని చెక్ బౌన్స్ కేసు పెడతామని బెదిరించడానికి పనికొస్తాయి. ఇక స్పర్శ్ లాగిన్ అంటారా, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు మార్పులన్నీ అందులోంచే. పాస్‌వర్డు గానీ ఓటీపీ గానీ కన్నకొడుకు దాటి బయటికి వెళ్లకూడదు.

క్లెయిమ్ నడుస్తుంది. కానీ ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు మీ చేతిలో కాగితాలుండాలి. వాటికి ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు, ఆర్‌టీఐ చాలు. ఆర్‌టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో 10 రూపాయలు కట్టి ఇండియన్ ఆర్మీకి పెట్టండి, లేదా నేరుగా నాన్నగారి రికార్డ్స్ ఆఫీసుకు పోస్టల్ ఆర్డరు జతచేసి పంపండి. ఈఎంఈ, ఏఓసీ రికార్డ్స్ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి, మద్రాస్ రెజిమెంట్‌ది వెల్లింగ్టన్, ఆర్టిలరీది నాసిక్ రోడ్. మీది ఏదో డిశ్చార్జ్ బుక్ మీద ఉంటుంది.

దరఖాస్తు నాన్నగారి పేరుతో, ఆయన సంతకంతో వెళ్లాలి. కొడుకు పేరుతో వేస్తే ఇది మూడో వ్యక్తి వైద్య సమాచారం అని ఆర్‌టీఐ చట్టం 8(1)(జె) సెక్షన్ చూపించి తిప్పికొడతారు. చాలామంది ఇక్కడే రెండు నెలలు పోగొట్టుకుంటారు.

‘నా సర్వీసు కాగితాలన్నీ ఇవ్వండి’ అని రాస్తే ఏదో ఒక ముక్క పంపి సరిపెడతారు. పేరుపేరునా అడగండి: రిలీజ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 అన్ని భాగాలూ, మధ్యలో జరిగిన కేటగిరీ బోర్డుల ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-15, భర్తీనాటి వైద్యపరీక్ష ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-2ఏ, మోకాలి గాయం రిపోర్టు ఐఏఎఫ్‌వై-2006, గాయం మీద కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ జరిగి ఉంటే దాని నకలు, తేదీలతో సహా పోస్టింగుల పట్టిక, తిరస్కరణ ఉత్తర్వు. ఆర్మీ నంబరు, ర్యాంకు, ట్రేడు, రిటైరైన తేదీ పైనే రాయండి. పేజీకి 2 రూపాయల చొప్పున అడుగుతారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు ఉచితం.

ఇవి వచ్చేలోపు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) నకళ్లతో వెళ్లండి. వాళ్లు కేసు వాదించరు. అప్పీలు ఫార్వర్డ్ చెయ్యడం, రికార్డ్స్‌కు ఉత్తరం రాయడం వరకు ఉచితంగా చేస్తారు. 2025 జూలైలో నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది. సైనిక సంక్షేమ కార్యాలయాల్లోనే న్యాయసహాయ క్లినిక్కులు పెట్టడం దాని ఉద్దేశం. మీ జిల్లాలో ఏ రోజు కూర్చుంటున్నారో అడగండి. లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ, లేదా 15100 నంబరు.

మెడ్‌బోర్డ్_విశ్రాంత

మీ కేసులో గట్టిది మోకాలు. అందరూ బీపీని ముందు పెట్టుకుంటారు, అది వద్దు.

పీటీ పరేడ్ డ్యూటీ కిందే లెక్క. డ్యూటీలో తగిలిన గాయానికి ఐఏఎఫ్‌వై-2006 రాసి ఉంటారు, కమాండింగ్ ఆఫీసరు అభిప్రాయం అందులోనే ఉంటుంది. ఆయన ‘సర్వీసు వల్లే’ అని సంతకం పెట్టి, పదకొండేళ్ల తర్వాత బోర్డు ‘నానా’ అని రాసిందంటే ఆ వైరుధ్యమే మీ మొదటి వాదన. ఆ కాగితం ఎదురుగా లేకుండా అప్పీలు రాయకండి. రిపోర్టు దొరక్కపోతే, గాయమైన నెలలో ఆసుపత్రి చేరిక రికార్డు, పార్ట్-2 ఆర్డరు (సిబ్బంది వివరాలు నమోదు చేసే యూనిట్ ఉత్తర్వు) అడగండి.

బీపీ విషయంలో బోర్డులు అలవాటుగా వాడే వాక్యం ఒకటుంది. ‘పీస్ ఏరియాలో మొదలైంది, ఫీల్డ్, హై ఆల్టిట్యూడ్, సీఐ ఆప్స్ (తిరుగుబాటు అణచివేత ఆపరేషన్ల) సర్వీసుతో దగ్గరి సంబంధం లేదు, మెడికల్ ఆఫీసర్ల గైడ్ ఆరో అధ్యాయం 43వ పేరా ప్రకారం నానా.’ మీ ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16లో పార్ట్-5 చూడండి, దాదాపు ఇదే ఉంటుంది. దీనికి జవాబు 2013లో సుప్రీంకోర్టు ధరంవీర్ సింగ్ కేసులో ఇచ్చింది. భర్తీ అయిన రోజు ఆ జబ్బు నమోదు కాకపోతే సర్వీసులోనే వచ్చిందని భావించాలి, కాదని చూపించే భారం ప్రభుత్వానిదే, బోర్డు కారణాలు రాయాలి. భర్తీనాటి కాగితం అడగమన్నది ఇందుకే. అందులో బీపీ మామూలుగా ఉంటే ఆ అంకెలనే అప్పీల్లో ఎత్తి రాయండి. పీస్‌లో మొదలైందన్న ఒక్క కారణం చాలదని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా చెప్పింది. 2010 వరకు ఫీల్డ్, 2011లో జబ్బు అన్న వరుస మీకు కలిసొచ్చేదే, తేదీలతో రాయండి.

బోర్డు కాగితాల్లో బరువు ఎక్కువ, పొగతాగుడు లాంటి మాటలుంటే దాచకండి. అవతలివాళ్లు ఎలాగూ చదివి వినిపిస్తారు.

ప్రైవేటు ఆసుపత్రి నుంచి కొత్త సర్టిఫికెట్లు తేవడానికి డబ్బు తగలెయ్యకండి. శాతం మీద మీకు తగాదా లేదు కదా, 30, 20 బోర్డే రాసింది. తగాదా అంతా కారణం మీద. దానికి పాత కాగితాలే పనిచేస్తాయి.

ఇంకో మాట. నెట్‌లో తిరిగే అప్పీలు నమూనాల్లో కొన్ని డిజేబిలిటీ పెన్షన్ అర్హతపై వచ్చిన 2023 నిబంధనల మీద రాసినవి. అవి 2023 సెప్టెంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి, అందులో ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అనే మాట కనిపిస్తుంది. నాన్నగారు 2016లో దిగారు కాబట్టి 2008 ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్ వర్తిస్తాయి. తప్పు నిబంధన ఉటంకిస్తే అప్పీలు మొదటి పేజీలోనే బలహీనపడుతుంది.

శారద_అడ్వకేట్

కమీషన్ విషయంలో ఒక్క మాట కలుపుతాను. గెలిస్తే ఇంత శాతం అని న్యాయవాది ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. 20వ నిబంధన సూటిగా అదే చెబుతుంది. కన్సల్టెంటు న్యాయవాది కాకపోతే ట్రిబ్యునల్లో మీ తరఫున నిలబడలేడు. ఫైలు వేరే లాయరుకు అప్పగించి మధ్యలో వాటా తింటాడు, లాయరు పేరు కూడా మీకు తెలియదు.

దారి ఇది. ముందు రికార్డ్స్ ఆఫీసు ద్వారా ఫస్ట్ అప్పీల్ కమిటీకి అప్పీలు. గడువు దాటింది కాబట్టి ఆలస్యాన్ని మన్నించమని విడిగా ఒక పేరా రాయండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, ట్రాకింగ్ పేజీ రెండూ దాచండి. అక్కడ కాదంటే ఆరు నెలల్లో సెకండ్ అప్పీల్. తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్, అదే ఏఎఫ్‌టీ. ఆంధ్ర, తెలంగాణ రెండూ చెన్నై బెంచ్ పరిధిలోవి.

అప్పీలుకు జవాబు రాకపోతే ఏళ్ల తరబడి ఎదురు చూడకండి. ఆరు నెలలు గడిస్తే ఏఎఫ్‌టీ చట్టం 21వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. ఆలస్యం ఖరీదైన విషయం, ఎందుకంటే 2008 నాటి తార్సేమ్ సింగ్ తీర్పు పట్టుకుని ట్రిబ్యునళ్లు దరఖాస్తు వేసిన తేదీకి వెనక మూడేళ్ల అరియర్సే ఇస్తూ వచ్చాయి. పిటిషన్లో 2016 నుంచీ మొత్తం అడగండి, ఇంట్లో లెక్క మాత్రం మూడేళ్లకే వేసుకోండి. ఇది నెలనెలా కొనసాగే నష్టం కాబట్టి పాత కేసని తలుపు మూసుకోదు.

లాయరును ఎలా ఎంచాలి? ఏఎఫ్‌టీ వెబ్‌సైటులో చెన్నై బెంచ్ ఉత్తర్వులున్నాయి. నాలుగైదు డిజేబిలిటీ పెన్షన్ ఉత్తర్వులు తెరిచి, దరఖాస్తుదారు తరఫున ఎవరు హాజరయ్యారో చూడండి. మళ్లీమళ్లీ కనిపించే పేర్లకు ఫోన్ చెయ్యండి. ఫీజు దశలవారీగా, కాగితం మీద: ఫైలింగ్‌కు ఇంత, వాదనలకు ఇంత, ఉత్తర్వు అమలు పిటిషన్‌కు ఇంత. ప్రతి చెల్లింపుకూ రసీదు. ఓఏ (ఒరిజినల్ అప్లికేషన్, అంటే ట్రిబ్యునల్లో మీ కేసు) నంబరు వచ్చిన రోజే మీకు పంపాలి, కేసు ఎక్కడుందో మీరే చూసుకోవచ్చు. ఒరిజినల్ డిశ్చార్జ్ బుక్, పీపీఓ ఎవరికీ ఇవ్వకండి, నకళ్లు చాలు. మీ ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 చదవకుండానే ‘వంద శాతం గెలుస్తాం’ అన్నవారిని అక్కడితో వదిలెయ్యండి.

నాన్నగారు స్వయంగా వాదించుకోవడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది. ‘నానా’ కేసుల్లో కాగితాలు బాగుంటే అది అసాధ్యమేమీ కాదు, అయినా ఎదుటివైపు ప్రభుత్వ న్యాయవాది ఉంటారని గుర్తుంచుకోండి.

కిరణ్_పల్నాడు

చాలా థ్యాంక్సండీ. చెక్కులు ఇవ్వడం లేదు. నాన్న సంతకంతో ఆర్‌టీఐ రేపే వేస్తాను. ఒక్క సందేహం: మోకాలు ఒక్కటే ఒప్పుకుని బీపీ కొట్టేస్తే 20 శాతానికి ఎంతొస్తుంది? దానికోసం ఇంత తిరగడం దండగ అని నాన్న అంటున్నారు.

తిరుమలగిరి_హెడ్‌క్లర్క్

దండగ కాదు, లెక్క చూడండి. డిజేబిలిటీ ఎలిమెంట్ 100 శాతానికి ఆఖరి ఎమాల్యుమెంట్స్‌లో 30%. ఆఖరి బేసిక్, ఎంఎస్‌పీ (మిలిటరీ సర్వీస్ పే) వగైరా కలిపి 45,000 అనుకుందాం. రౌండింగ్ లేకుండా 40 శాతానికి నెలకు 5,400. కానీ 50 లోపు ఉన్నదాన్ని 50కి, 50 నుంచి 75 మధ్య ఉన్నదాన్ని 75కి, ఆపైన 100కి పెంచుతారు. మామూలుగా రిటైరైనవారికీ ఈ రౌండింగ్ ఇవ్వాలని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి 40 కాస్తా 50 అవుతుంది, నెలకు 6,750, దానిమీద డీఆర్ (డియర్‌నెస్ రిలీఫ్, పెన్షనర్ల కరువు భత్యం).

ఇప్పుడు మోకాలు ఒక్కటే, 20%. అది కూడా 50కే చేరుతుంది. అదే 6,750. బీపీ ఒక్కటే నిలిచినా అంతే. రెండింటిలో ఏది నిలిచినా నాన్నగారికి పైసా తేడా రాదు. 20 కంటే తగ్గితే మాత్రం ఏమీ రాదు, మీకు ఆ బెడద లేదు. అప్పీల్లో రౌండింగ్ కూడా స్పష్టంగా అడగండి. అడగకపోతే 20% మీదే పీపీఓ తయారై, మళ్లీ ఇంకో కేసు వెయ్యాల్సి వస్తుంది.

మూడేళ్ల అరియర్స్ డీఆర్ కాకుండానే 2,43,000. అందులో 30% అంటే 72,900 కన్సల్టెంటు జేబులోకి.

వైజాగ్_ఎయిర్‌మ్యాన్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. సొంత కోరిక మీద డిశ్చార్జ్ తీసుకున్నవారికి డిజేబిలిటీ పెన్షన్ ఉండదంటారు, నిజమేనా? 2012లో డిశ్చార్జ్, బోర్డు 30% రాసింది.

శారద_అడ్వకేట్

ఆ మాట పాతది. 2006 జనవరి 1న, ఆ తర్వాత సొంత కోరికపై వెళ్లినవారికి కూడా, వైకల్యం సర్వీసు వల్ల వచ్చిందో ముదిరిందో అయితే, డిజేబిలిటీ ఎలిమెంట్ ఇవ్వొచ్చని రక్షణశాఖ 2009 సెప్టెంబరు 29 లేఖలో ఉంది. మీ తిరస్కరణ లేఖలో రాసిన కారణం ఏమిటో చూడండి. ‘సొంత కోరిక’ అని ఉంటే ఆ లేఖ జతచేసి అప్పీలు. ‘నానా’ అని ఉంటే పైన కిరణ్ గారికి చెప్పిన దారే, రికార్డ్స్ మాత్రం ఎయిర్‌ఫోర్స్‌వి, ఢిల్లీలో.

కిరణ్ గారూ, గెలిచాక జరిగేది కూడా ఇప్పుడే తెలుసుకోండి, లాయరుతో ఫీజు మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. ఉత్తర్వులో ఇన్ని నెలల్లో చెల్లించాలని గడువు ఉంటుంది. సర్టిఫైడ్ కాపీ తీసుకుని వెంటనే రికార్డ్స్‌కు పంపండి. గడువులోగా కదలకపోతే అమలు పిటిషన్ వేస్తేనే ఫైలు లేస్తుంది, అందుకే దాని ఫీజు ముందే మాట్లాడమన్నది. ప్రభుత్వం హైకోర్టుకు వెళ్లే అవకాశమూ ఉంది. 2023లో పరషోత్తం దాస్ కేసు తర్వాత ఏఎఫ్‌టీ ఉత్తర్వులపై హైకోర్టు రిట్లు మళ్లీ నడుస్తున్నాయి. ఒక్కోసారి పై కోర్టు తీర్పుకు లోబడి అన్న షరతుతో పీపీఓ ఇస్తారు. అలాంటిదైతే వచ్చిన అరియర్స్ మొత్తం ఖర్చు పెట్టేయకుండా కొంతకాలం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచండి. కొత్త పీపీఓ స్పర్శ్‌లో కనిపించగానే శాతం 50 అని, కాలం జీవితాంతం అని, మొదలు తేదీ ఉత్తర్వులో ఉన్నదేనని మూడూ సరిచూసుకోండి. తప్పుంటే ఉత్తర్వు కాపీ జతచేసి స్పర్శ్‌లోనే గ్రీవెన్స్ పెట్టండి.