పిల్లలు, టీవీ, జెండర్ మీద పీహెచ్‌డీ: నెట్ (జాతీయ అర్హత పరీక్ష) ఏ సబ్జెక్టులో రాయాలి?

జర్నలిజంలో ఎంఏ అయింది. మొన్న కార్టూన్ చూస్తూ మా ఐదేళ్ల మేనకోడలు "అత్తా, బండి ఎప్పుడూ అబ్బాయే నడుపుతాడేం?" అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచీ అదే బుర్ర తొలుస్తోంది.

పిల్లలు, మీడియా మీద పరిశోధించే డాఫ్నా లెమిష్ అనే ప్రొఫెసర్ గురించి చదివాను. ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్‌లో పాఠాలు చెప్పి, తర్వాత అమెరికాలో రట్గర్స్ యూనివర్సిటీకి వెళ్లారు. పిల్లలు, మీడియా మీదే 2007లో ఒక పరిశోధన పత్రిక మొదలుపెట్టారు. పిల్లల కార్యక్రమాలు తీసేవాళ్లనే దేశదేశాల్లో కదిపి, ఆడపిల్లల్ని ఎలా చూపిస్తున్నారని అడిగారు. నాకూ అలాంటి పనే చేయాలనుంది.

నెట్ మాస్ కమ్యూనికేషన్‌లో రాయనా, విమెన్ స్టడీస్‌లోనా? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రెండు విభాగాలూ ఉన్నాయి. చిన్నపిల్లలతో మాట్లాడాలంటే తల్లిదండ్రుల సంతకం, ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్లకి హాని జరగకుండా చూసే కమిటీ) అనుమతి ఎలా తెచ్చుకున్నారు? ఈ దారిలో నడిచినవాళ్లు కాస్త చెప్పండి. (మా నాన్న మాత్రం "బీఈడీ చెయ్యమ్మా" అంటున్నారు.)