వాన డేటా ఎవరిది: కంపెనీదా, కాలేజీదా?

పానగల్లు:
వానకు ఉపగ్రహం నుంచి వచ్చే కా బ్యాండ్ (20 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల) సిగ్నల్ ఎంత పడిపోతదో కొలిచేందుకు ఒక కంపెనీ డిష్షు, రిసీవరు ఇస్తామన్నదనుకోండి. నల్గొండలో ఏ ఇంజినీరింగ్ కాలేజీ మేడ మీదైనా పెట్టొచ్చు. షరతు: రికార్డు మొత్తం వాళ్లదే, మూడేళ్లు బయటికి రావద్దు. ఒప్పుకోవాలా? నేనైతే వద్దంటా. మూడేళ్లల్ల పిల్లల చదువే అయిపోతది.

డిండివాగు:
ఉత్త చేతులతో ఎట్లన్నా? కేయూ బ్యాండ్ (12 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల)కైతే డీటీహెచ్ డిష్షు, దాని ముందుండే సిగ్నల్ పట్టే డబ్బా ఎల్‌ఎన్‌బీ, కంప్యూటర్‌కు పెట్టే చిన్న రేడియో ఎస్‌డీఆర్ డాంగిల్‌తో నడుస్తది. 20 గిగాహెర్ట్జ్ సామాను కాలేజీలు కొనేది కాదు. గంటకు 50 మి.మీ. వానలో 12 గిగాహెర్ట్జ్ కిలోమీటరుకు దాదాపు 2.4 డెసిబెల్స్ పోగొట్టుకుంటే, 20 గిగాహెర్ట్జ్ 5.7 పోగొట్టుకుంటది. పైకి సిగ్నల్ పంపాల్నంటే అంతరిక్ష పనులకు అనుమతిచ్చే సర్కారు సంస్థ ఇన్-స్పేస్ అనుమతి, స్పెక్ట్రమ్ లైసెన్సు. కంపెనీ లేకుంటే ఆ ఫైలు కదలదు.

పానగల్లు:
12లో కొలిచి 20కి లెక్కగట్టే పద్ధతి అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసుల్లోనే ఉన్నది గదా.

డిండివాగు:
ఏడాది సగటుకు పనికొస్తది. ఒక్క ఉరుముల వానలో నిమిషం నిమిషానికి ఏమైందో అది చెప్పదు.

కోయిలకొండ:
డేటా ఎవరిదని కొట్లాడేముందు అది డేటానా కాదా చూడండి. ఇక్కడ అందరూ వెతికే అంకె ఏడాదిలో సిగ్నల్ అన్నిటికన్నా ఎక్కువ పడిపోయే 0.01 శాతం సమయానిది, అంటే 53 నిమిషాలు. గాలివాన మొదలైతే మన దగ్గర ముందు పోయేది కరెంటు. ఆ 53 నిమిషాలే రికార్డులో ఉండవు, ఫలితం అబద్ధంగా బాగుంటది. యూపీఎస్ కంప్యూటర్‌కే పెడతరు. ఎల్‌ఎన్‌బీకి, రీడింగులు రాసుకునే లాగర్‌కు, వానమాపకానికి కూడా బ్యాటరీ ఉండాలె.

వానమాపకంలో 0.2 మి.మీ. వానకోసారి బోర్లపడే చిన్న బకెట్ ఉంటది. అది నిమిషానికి ఒక్కసారి బోర్లపడితే గంటకు 12 మి.మీ. వాన అన్నట్టు. నిమిషం లెక్కలు కాదు, ప్రతి బోర్లపాటు సమయం రాసుకోవాలె.

83 డిగ్రీల తూర్పున జీశాట్-30 ఉపగ్రహానికి తిప్పితే నల్గొండలో డిష్షు పైకి చూసే కోణం దాదాపు 70 డిగ్రీలు, అంటే వాన దాని మీదే పడుతది. డిష్షు తడిసినా సిగ్నల్ తగ్గుతది. ఎండరోజు పైపుతో నీళ్లు చల్లి ఆ తగ్గుదలను విడిగా రాసుకోండి. మే ఎండకు ఎల్‌ఎన్‌బీ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే బలం) జారినా వానలాగే కనపడుతది, దాని పక్కన థర్మామీటర్ పెట్టండి.

డిండివాగు:
ఇదైతే నిజమే. కంపెనీ భయం దాని టర్మినల్ (డిష్షు, రిసీవరు) గుట్టు బయటపడుతదని. అది దాచి, ఎండరోజుతో పోలిస్తే ఎన్ని డెసిబెల్స్ తగ్గినయో అదొక్కటే ఇస్తే?

పానగల్లు:
అది, వానమాపకం రికార్డు రెండూ కాలేజీ దగ్గరే ఉండాలె. బయటపెట్టకుండా ఆపే గడువు ఒక్క వానకాలం.

డిండివాగు:
ఒక్క వానకాలానికి ఏ కంపెనీ సంతకం పెడతదే? రెండు అడుగు.